దోమ పుట్టిల్లు మన ఇల్లే!

మీ ఇంట్లో ఎంతమంది ఉంటారు? అమ్మ, నాన్న, నాయనమ్మ, అన్నయ్య, చెల్లి, మీరు. మొత్తం ఆరుగురు అని రేషను కార్డు చూసి చెప్పేస్తారు. కాని ఆ కార్డులో పేర్లు లేకపోయినా మీ ఇంట్లోనే పుట్టి, మీ ఇంట్లోనే పెరిగి, మీ నెత్తురు తాగి బతికేవాళ్ళు మరికొందరు ఉన్నారు. వాళ్ళే దోమలు!

"మా ఇంట్లో దోమలు పుట్టడమేమిటి? అవి వీధి చివరి మురుగు కాలవలోంచి వస్తాయి" అంటారా? పెద్దవాళ్ళలో కూడా చాలామంది అలాగే అనుకుంటారు. కొన్ని రకాల దోమల విషయంలో అది నిజమే. కాని డెంగ్యూ, చికున్‌గున్యా జ్వరాలను మోసుకొచ్చే దోమ సంగతి వేరు. అది తాను పుట్టిన చోటి నుంచి మామూలుగా వందా రెండు వందల మీటర్లకు మించి ఎగిరిపోదు. అంటే మిమ్మల్ని ఈ రోజు కుట్టిన దోమ మీ ఇంట్లోనో, పక్కింట్లోనో, మహా అయితే అదే వీధిలోనో పుట్టి ఉంటుందన్నమాట. దాని పుట్టిల్లు ఎక్కడో కనిపెట్టగలిగితే సగం పని అయిపోయినట్టే. రండి, వెతుకుదాం.

ఆడదోమకే నెత్తురు ఎందుకు?

అన్ని దోమలూ కుట్టవు. మగదోమలు పూల తేనె, మొక్కల రసాలు తాగి బతుకుతాయి. ఆడదోమకు కూడా ఆకలి తీరడానికి ఆ రసాలే చాలు. కాని గుడ్లు తయారు కావాలంటే దానికి మాంసకృత్తులు కావాలి. అవి నెత్తురులో దొరుకుతాయి. అందుకే ఆడదోమ మనల్ని వెతుక్కుంటూ వస్తుంది.

చీకట్లో కూడా మనం ఎక్కడ ఉన్నామో దానికి ఎలా తెలుస్తుంది? మనం వదిలే ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది కదా! ఆ వాయువు జాడ పట్టుకుని దోమ దగ్గరకు వస్తుంది. ఇంకా దగ్గరైన తర్వాత చెమట వాసన, ఒంటి వేడి దానికి దారి చూపిస్తాయి. "నా నెత్తురు తియ్యన, అందుకే నన్నే కుడతాయి" అని కొందరు అంటూ ఉంటారు. నెత్తురు రుచి కుట్టిన తర్వాత గాని దోమకు తెలియదు. కొందరిని ఎక్కువగా కుట్టడానికి కారణం వారి ఒంటి వాసనలోని తేడాలే.

కడుపునిండా నెత్తురు తాగిన ఆడదోమ రెండు మూడు రోజులు ఏ మూలో విశ్రాంతి తీసుకుని, ఆ తర్వాత గుడ్లు పెడుతుంది. ఒక్క విడతలో వంద గుడ్లు అనుకోండి. ఇప్పుడు చిన్న లెక్క చేద్దాం. వంద గుడ్లలో సగం, అంటే 50 ఆడదోమలు అవుతాయి. అవి తలా వంద గుడ్లు పెడితే 5,000. వాటిలో సగం ఆడవి, 2,500. అవి మళ్ళీ తలా వంద పెడితే 2,50,000! ఒక్క దోమకు మూడో తరంలో రెండున్నర లక్షల సంతానం. అదృష్టం కొద్దీ అన్నీ బతకవు. చేపలు, తూనీగలు, సాలెపురుగులు, బల్లులు చాలా వాటిని తినేస్తాయి. అయినా ఒక్క తొట్టిని నిర్లక్ష్యం చేస్తే ఏమవుతుందో ఈ లెక్క చెబుతుంది.

నాలుగు దశలు

దోమ జీవితంలో నాలుగు దశలున్నాయి: గుడ్డు, లార్వా, ప్యూపా, పెద్దదోమ. మొదటి మూడు దశలకూ నీటితోనే ముడి.

నాలుగైదు రోజులుగా కదపని తొట్టిలోకి తొంగి చూడండి. నీటిలో మెలికలు తిరుగుతూ పైకీ కిందికీ ఈదే సన్నని పురుగులు కనిపిస్తే అవే లార్వాలు. చాలామంది వీటిని చూసి కూడా "ఏవో నీళ్ళ పురుగులులే" అని ఊరుకుంటారు. అవి దోమపిల్లలని వారికి తెలియదు. లార్వా నాలుగుసార్లు కుబుసం విడిచి ప్యూపాగా మారుతుంది. ప్యూపా కామా గుర్తులాగా వంకర తిరిగి ఉంటుంది. అది ఏమీ తినదు, కాని కదిలిస్తే చురుగ్గా మునుగుతుంది. ఒకటి రెండు రోజుల్లో దాని వీపు చీలి, రెక్కల దోమ బయటికి వచ్చి నీటి మీద నిలబడుతుంది. రెక్కలు ఆరగానే ఎగిరిపోతుంది.

మన ప్రాంతపు వేడిలో గుడ్డు నుంచి రెక్కల దోమ దాకా మొత్తం 7 నుంచి 10 రోజులు పడుతుంది. చలి ఎక్కువైతే ఇంకా ఆలస్యమవుతుంది. ఈ 7 అనే అంకెను గుర్తుపెట్టుకోండి. మన పోరాటమంతా దీని మీదే ఆధారపడి ఉంది.

చేసి చూడండి

వెడల్పు మూతి ఉన్న గాజు సీసా ఒకటి తీసుకోండి. లార్వాలున్న తొట్టి నుంచి ఆ నీటితో సహా పది లార్వాలను సీసాలోకి తీసుకోండి. మూతి మీద పల్చని గుడ్డ కప్పి దారంతో గట్టిగా కట్టండి. రోజూ ఒకే వేళకు చూసి లార్వాలెన్ని, ప్యూపాలెన్ని, దోమలెన్ని అని నోటు పుస్తకంలో రాసుకోండి. లార్వాలు నీటి పైకి వచ్చి ఏ భాగాన్ని పైకి పెడుతున్నాయో గమనించండి. తోక చివర ఉన్న గొట్టంతో అవి గాలి పీల్చుకుంటాయి. నీటిలో ఉన్నా వాటికి మొప్పలతో పని జరగదు, పైకి రావలసిందే.

మరొక గ్లాసులో నాలుగైదు లార్వాలు వేసి, నీటి మీద రెండు చుక్కల నూనె వెయ్యండి. నూనె పల్చని పొరలా పరుచుకుంటుంది. లార్వాలు పైకి వచ్చి గాలి అందక తిరిగి మునుగుతాయి. కాసేపటికి అవి చనిపోవడం చూస్తారు. మురుగు నిలిచిన గుంటల్లో వాడేసిన ఇంజను ఆయిల్ వెయ్యడంలోని రహస్యం ఇదే. తాగే నీటికీ, పశువులు తాగే నీటికీ, చేపలున్న నీటికీ ఈ పద్ధతి పనికిరాదు.

ఒక హెచ్చరిక: సీసాలో దోమలు తయారయ్యాక గుడ్డ విప్పకండి. సీసాను మండుటెండలో ఒక పూట ఉంచి, దోమలన్నీ చచ్చాయని చూసుకున్న తర్వాతే కడగండి.

మూడు దోమలు, మూడు అలవాట్లు

శత్రువును గెలవాలంటే ముందు గుర్తుపట్టాలి. మనకు ముఖ్యంగా జబ్బులు తెచ్చే దోమలు మూడు జాతులవి.

అనాఫిలిస్ దోమ మలేరియాను మోస్తుంది. రెక్కల మీద మచ్చలుంటాయి. గోడ మీద వాలినప్పుడు తల కిందికి, తోక పైకి ఏటవాలుగా ఉంటుంది. దీని లార్వాకు పొడవైన గాలి గొట్టం లేదు, అందుకని నీటి పైభాగానికి సమాంతరంగా పడుకుని ఉంటుంది. బావులు, సెలయేళ్ళు, వాననీటి గుంటలు, మేడ మీద మూతలేని నీళ్ళ ట్యాంకులు దీనికి ఇష్టం. ఇది ఎక్కువగా రాత్రిపూట కుడుతుంది.

క్యూలెక్స్ దోమ మనకు బాగా పరిచయమైనది. మురుగు కాలవలు, సెప్టిక్ ట్యాంకులు దీని స్థావరాలు. గుడ్లన్నిటినీ ఒకదాని పక్కన ఒకటి అతికించి చిన్న తెప్పలా నీటి మీద వదులుతుంది. దీని లార్వా తలకిందులుగా వేలాడుతుంది. బోదకాలు వ్యాధిని ఒక రకం క్యూలెక్స్ మోస్తుంది. వరిపొలాల నీటిలో పెరిగే మరొక రకం మెదడువాపు జ్వరాన్ని మోస్తుంది. ఆ వైరస్ పందులలోనూ, కొంగజాతి పక్షులలోనూ పెరిగి, దోమ ద్వారా మనుషులకు వస్తుంది.

ఏడిస్ దోమ నల్లగా ఉండి, కాళ్ళ మీద, ఒంటి మీద తెల్లని చారలుంటాయి. దీన్ని కొందరు పులిదోమ అంటారు. డెంగ్యూ, చికున్‌గున్యా ఇది తెచ్చేవే. దీని అలవాట్లు మిగతా దోమలకు పూర్తిగా భిన్నం. ఇది పగటిపూట, ముఖ్యంగా పొద్దున్న కొంతసేపు, సాయంత్రం పొద్దువాలే ముందు కుడుతుంది. మురుగు నీటిని కాక శుభ్రమైన నీటినే కోరుకుంటుంది. ఇంట్లో మంచాల కింద, కొక్కేలకు వేలాడే బట్టల మాటున విశ్రాంతి తీసుకుంటుంది.

ఇప్పుడు అసలు చిక్కు మీకు అర్థమయ్యే ఉంటుంది. మా వీధిలో మురుగు లేదు, మా ఇల్లు అద్దంలా ఉంటుంది, మాకు దోమల భయం లేదు అనుకునే ఇంట్లోనే ఈ దోమ హాయిగా కాపురం పెడుతుంది.

సికిందరాబాదులో తేలిన నిజం

దోమకూ జబ్బుకూ ఉన్న సంబంధం తేలడంలో మన తెలుగుగడ్డకు గొప్ప పాత్ర ఉంది. చలిజ్వరానికి కారణమైన పరాన్నజీవిని 1880లో ఫ్రెంచి వైద్యుడు లావెరాన్ రోగి నెత్తురులో చూశాడు. కాని అది ఒకరి నుంచి మరొకరికి ఎలా వెళ్తుందో ఎవరికీ తెలియదు. చిత్తడి నేలల నుంచి లేచే చెడుగాలి వల్ల వస్తుందని ఎంతోకాలం నమ్మారు. మలేరియా అన్న మాటకు అర్థం కూడా చెడుగాలి అనే!

ఆల్మోరాలో పుట్టిన రోనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు సికిందరాబాదులో పనిచేస్తూ ఈ చిక్కుముడి విప్పడానికి పూనుకున్నాడు. ఆయన పద్ధతిలో ఒక తెలివి ఉంది, గమనించండి. ఎక్కడో పట్టిన దోమలను వాడితే, వాటి కడుపులో కనిపించినది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పలేం. అందుకని ఆయన లార్వాలను తెప్పించి, వాటిని సీసాల్లో పెంచి, కొత్తగా పుట్టిన దోమల చేత హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగిని కుట్టించాడు. కుట్టిన ఒక్కో దోమకు ఒక్క అణా చొప్పున అతనికి ఇచ్చాడు. 1897 ఆగస్టు 20న ఆ దోమల్లో మచ్చల రెక్కలున్న ఒకదానిని కోసి సూక్ష్మదర్శినిలో చూస్తే, దాని కడుపు గోడ మీద మలేరియా పరాన్నజీవి పెరుగుతూ కనిపించింది. మరుసటి సంవత్సరం కలకత్తాలో పక్షుల మలేరియా మీద పరిశోధన చేసి, ఆ జీవి చివరికి దోమ లాలాజల గ్రంథులకు చేరుతుందని నిరూపించాడు. మనుషుల మలేరియాను అనాఫిలిస్ దోమలే మోస్తాయని 1898లో ఇటలీ శాస్త్రజ్ఞుడు గ్రాస్సీ, ఆయన సహచరులు చూపించారు. రాస్‌కు 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినంగా పాటిస్తున్నారు. ఆయన పనిచేసిన భవనం హైదరాబాదు బేగంపేటలో ఉంది.

ఇందులో మనకు కావలసిన మరో సంగతి ఉంది. దోమ ఇంజెక్షను సూది లాంటిది కాదు. ఇక్కడ తాగిన నెత్తురును తీసుకెళ్ళి అక్కడ ఎక్కించదు. పరాన్నజీవి దాని కడుపులో పెరిగి లాలాజలంలోకి చేరడానికి మలేరియాకు సుమారు 10 నుంచి 14 రోజులు, డెంగ్యూకు సుమారు 8 నుంచి 12 రోజులు పడుతుంది. అన్నాళ్ళు బతికిన ముసలి దోమే ప్రమాదకరం. ఇంకొక మాట కూడా దీని నుంచే తేలుతుంది. డెంగ్యూ రోగిని దోమ కుడితేనే కదా దానికి వైరస్ అంటేది! కాబట్టి జ్వరంతో ఉన్నవారిని పగలు కూడా దోమతెరలో పడుకోబెట్టాలి. అది రోగికోసం కాదు, ఇంట్లో మిగతా వారికోసం.

మందు చల్లితే సరిపోదా?

ఈ ప్రశ్నకు మన దేశ చరిత్రే జవాబు చెబుతుంది. స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లో దేశంలో ఏటా 7.5 కోట్ల మందికి మలేరియా వచ్చేదనీ, 8 లక్షల మంది చనిపోయేవారనీ అంచనా. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైంది. ఇంటింటి గోడలకూ డి.డి.టి. కొట్టారు. దోమలు గోడల మీద వాలి చచ్చిపోయేవి. 1965 నాటికి కేసులు సుమారు ఒక లక్షకు దిగిపోయాయి. ఇక మలేరియా పోయినట్టేనని అంతా సంబరపడ్డారు.

కాని ఏమైంది? మందుకు చావని దోమలు కొన్ని మిగిలాయి. వాటి పిల్లలూ ఆ మందుకు చావలేదు. మందుకు తట్టుకునేవే మిగులుతూ, అవే పెరుగుతూ పోయాయి. పైగా చల్లడంలో అశ్రద్ధ పెరిగింది, మందు సమయానికి అందలేదు. పట్టణాల్లో ట్యాంకుల్లో, బావుల్లో పుట్టే దోమల సంగతి పట్టించుకోలేదు. 1976లో కేసులు 64 లక్షలకు ఎగబాకాయి! తర్వాత దశాబ్దాల కృషితో మళ్ళీ తగ్గుతూ వచ్చాయి. మన పొరుగున ఉన్న శ్రీలంకను 2016లో మలేరియా లేని దేశంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. కాబట్టి గెలవడం అసాధ్యం కాదు. మందు ఒక్కటే నమ్ముకుని నిద్రపోతే మాత్రం గెలవలేం.

వీధిలో పొగబండి వచ్చినప్పుడు దాని వెంట పరుగెత్తడం పిల్లలకు సరదా. ఆ పొగ పీల్చకూడదు, అది మొదటి మాట. రెండో మాట, ఆ పొగ ఆ సమయంలో ఎగురుతున్న దోమలనే చంపుతుంది. తలుపులు మూసిన ఇంట్లో మంచం కింద ఉన్న ఏడిస్‌కు అది అందదు. తొట్టిలోని లార్వాకు దాని వల్ల ఏమీ కాదు. ఈ రోజు పొగ వేస్తే రేపు ప్యూపాల నుంచి కొత్త దోమలు లేస్తాయి. జ్వరాలు చెలరేగినప్పుడు పొగ అవసరమే. కాని అది కారుతున్న కుళాయి కట్టెయ్యకుండా నేల తుడవడం లాంటిది. ఇళ్ళలో వెలిగించే దోమల చుట్టల పొగ కూడా అంతే. పైగా తలుపులు, కిటికీలు బిగించిన గదిలో ఆ పొగ మన ఊపిరితిత్తులకే చేటు. వేపాకు పొగ అయినా అదే మాట.

ఎండిన తొట్టిలో దాగిన గుడ్లు

ఇప్పుడు 7 అన్న అంకె దగ్గరకు వద్దాం. గుడ్డు దోమ కావడానికి కనీసం వారం కావాలి. మనం ఆ వారం పూర్తికాకుండా నీళ్ళు పారబోస్తే దోమ పుట్టదు. ఇంత తేలిక! అందుకే తెలుగు రాష్ట్రాల్లో ఆరోగ్య సిబ్బంది శుక్రవారాన్ని "డ్రై డే"గా, అంటే తొట్లు ఆరబెట్టే రోజుగా పాటించమని ప్రచారం చేస్తూ వచ్చారు. ఏ వారమైనా ఫరవాలేదు, వారానికి ఒక రోజు తప్పకూడదు.

కాని ఇక్కడొక మోసం ఉంది. ఏడిస్ దోమ గుడ్లను నీటిలో పెట్టదు. నీటి మట్టానికి కాస్త పైన, తడి గోడకు ఒక్కొక్కటిగా అంటిస్తుంది. అవి నల్లని నలుసుల్లా ఉంటాయి, మామూలు కంటికి మసిలా కనిపిస్తాయి. నీళ్ళు పారబోసినా అవి పోవు. తొట్టి ఎండిపోయినా చావవు. నెలల తరబడి అలాగే ఎదురుచూసి, మళ్ళీ నీళ్ళు పోసి మట్టం పైకి రాగానే పొదుగుతాయి. నడివేసవిలో ఎండిన తొట్టి తొలకరి వానకు నిండగానే దోమలు ఎక్కడి నుంచి ఊడిపడ్డాయో అని ఆశ్చర్యపోతాం. అవి ఎక్కడి నుంచీ రాలేదు, అక్కడే ఉన్నాయి!

కాబట్టి పారబోయడం ఒక్కటే చాలదు. కొబ్బరి పీచుతోనో, గట్టి బ్రష్షుతోనో తొట్టి లోపలి గోడలను అంచు దాకా గట్టిగా రుద్ది కడిగి, ఎండలో ఆరనివ్వాలి. పారబోసే నీటిని కాలవలో కాక పొడినేల మీద పొయ్యాలి. అప్పుడే లార్వాలు చస్తాయి.

"నీళ్ళు పారబోస్తే ఎలారా?"

మీరు తొట్టి వంచబోతే నాయనమ్మ ఇలాగే కేకవేస్తుంది. ఆమె మాటలో న్యాయం ఉంది. కుళాయి రెండు రోజులకోసారి వచ్చే ఊళ్ళో, బిందె నీళ్ళకోసం లైనులో నిలబడే ఇంట్లో నీటి విలువ ఆమెకు తెలిసినంతగా మనకు తెలియదు. నీళ్ళు నిలవచెయ్యవద్దు అని చెప్పడం తేలిక, కాని అది జరిగేది కాదు. ఏం చెయ్యవచ్చో చెప్పడమే సైన్సు పని.

మొదటిది, నీళ్ళు పారబోయనక్కరలేదు. లార్వాలున్న నీటిని గుడ్డతో వడకట్టి మొక్కలకో, వాకిలి చల్లడానికో వాడండి. గుడ్డను ఎండలో దులపండి.

రెండోది, డ్రమ్ములు రెండుంటే ఒకదాని తర్వాత ఒకటి ఖాళీ చెయ్యండి. సగం వాడి, మళ్ళీ పైన నింపడమే చాలా ఇళ్ళలో జరిగేది. అడుగున నీళ్ళు నెల రోజులైనా మారవు.

మూడోది, మూత. పళ్ళెం బోర్లిస్తే సందు మిగులుతుంది, దోమకు ఆ సందు చాలు. పాత పంచె గుడ్డను రెండు మడతలు వేసి డ్రమ్ము మూతికి తాడుతో బిగించి కట్టండి. నీళ్ళు తీసుకున్న ప్రతిసారీ మళ్ళీ కట్టాలి.

నాలుగోది, చేప. తాగడానికి వాడని బావిలో, పెద్ద సిమెంటు తొట్టిలో గంబూసియా చేపలను, గప్పీ చేపలను వదలవచ్చు. అవి లార్వాలను ఇష్టంగా తింటాయి. ఆరోగ్య సిబ్బందిని అడిగితే ఏ నీటికి ఏ చేప తగినదో చెబుతారు. సహజమైన చెరువుల్లో, వాగుల్లో మాత్రం మీ అంతట మీరు వదలకండి. గంబూసియా స్థానిక చేపల గుడ్లను, పిల్లలను కూడా తినేస్తుంది.

ఇక అసలు అవసరమే లేని నీళ్ళు ఉన్నాయి. వాటిని చూడగానే వదిలించండి. పెరట్లో మూలన పడేసిన రోలు, మేడ మీద పాత టైరు, కొబ్బరి చిప్పలు, తాగి పడేసిన కొబ్బరి బోండాలు, పగిలిన కుండ పెంకులు, పూలకుండీ కింది పళ్ళెం, మనీప్లాంటు సీసా, పిచ్చుకలకు పెట్టిన నీళ్ళ గిన్నె, ఎయిర్ కూలర్ అడుగు, ఫ్రిజ్ వెనుక నీళ్ళు పడే ట్రే. కొత్తగా ఇల్లు కడుతుంటే శ్లాబు మీద కట్టిన నీళ్ళు, ఇటుకలు తడిపే తొట్టి కూడా చూడండి. సెప్టిక్ ట్యాంకు గాలిగొట్టానికి సన్నని వలగుడ్డ కట్టండి. ఒక చిన్న చిప్పలో పట్టే నీరు కూడా దోమకు పెద్ద చెరువే.

మీ వీధి దోమల లెక్క

ఇప్పుడు మీ తరగతి మొత్తం కలిసి చేసే పని ఒకటుంది. నలుగురేసి జట్లుగా ఏర్పడండి. టార్చిలైటు, తెల్లని పళ్ళెం, గరిటె, నోటు పుస్తకం తీసుకుని, ఉపాధ్యాయుని అనుమతితో, ఇంటివారి అనుమతి అడిగి, వీధిలో 20 ఇళ్ళు చూడండి. నీళ్ళు నిలిచిన ప్రతి పాత్రనూ లెక్కపెట్టండి. లార్వాలున్నవాటిని విడిగా రాయండి.

20 ఇళ్ళలో 4 ఇళ్ళలో లార్వాలు కనిపించాయి అనుకుందాం. 4ను 20తో భాగించి 100తో హెచ్చిస్తే 20. దీన్ని ఇళ్ళ సూచిక అంటారు. చూసిన 80 పాత్రల్లో 6 పాత్రల్లో లార్వాలుంటే పాత్రల సూచిక 7.5. ఆ 6 పాత్రలను 20 ఇళ్ళతో భాగించి 100తో హెచ్చిస్తే 30. దీన్ని బ్రెటో సూచిక అంటారు. ఈ చివరిది 50 దాటితే డెంగ్యూ వ్యాపించే ప్రమాదం చాలా ఎక్కువనీ, 5 కన్నా తగ్గితే తక్కువనీ ఎంతోకాలంగా లెక్కగట్టారు. కాని తక్కువ అంకెను చూసి మురిసిపోకూడదు. సింగపూరులో ఇంటింటి తనిఖీలతో, జరిమానాలతో ఇళ్ళ సూచికను 1970లలోనే 2 దగ్గరకు దించారు. అయినా తర్వాతి కాలంలో అక్కడ డెంగ్యూ మళ్ళీ వచ్చింది. చాలా ఏళ్ళు జబ్బు లేకపోవడంతో జనంలో రోగనిరోధక శక్తి తగ్గడం ఒక కారణం. పోరాటం ఒక ఏడాదితో అయిపోయేది కాదన్నమాట.

వారం తర్వాత అవే ఇళ్ళకు వెళ్ళి మళ్ళీ లెక్క తీయండి. మొదటి వారం అంకె, నాలుగో వారం అంకె పక్కపక్కన రాసి బడి గోడకు అంటించండి. ఎవరి ఇంట్లో ఎన్ని దొరికాయో పేర్లు మాత్రం రాయవద్దు. పరువు తీస్తే మరుసటి వారం తలుపు తెరవరు. లార్వాలను తెల్లని పళ్ళెంలో పోసి ఇంటివారికే చూపించండి. "ఇదిగో పిన్నిగారూ, వచ్చే శుక్రవారానికి ఇవి దోమలవుతాయి" అనండి. నూరు ఉపన్యాసాల కన్నా ఆ పళ్ళెం ఎక్కువ పనిచేస్తుంది.

ఒక్క ఇల్లు శుభ్రంగా ఉంటే చాలదని మీకీపాటికి తెలిసింది. పక్కింటి మేడ మీది టైరులో పుట్టిన దోమకు మీ గోడ అడ్డం కాదు. రాయలసీమలో 2005 చివర మొదలైన చికున్‌గున్యా 2006లో దేశంలో అనేక రాష్ట్రాలకు పాకింది. 13 లక్షలకు పైగా అనుమానిత కేసులు నమోదయ్యాయి. కీళ్ళనొప్పులతో నెలల తరబడి కూలికి పోలేని ఇళ్ళు ఎన్నో. ఇంటి సంపాదన ఆగిపోవడానికి వాడకుండా వదిలేసిన ఒక్క తొట్టి చాలు.

జ్వరం వస్తే

జాగ్రత్త పడినా జ్వరం రావచ్చు. అప్పుడు దగ్గరలోని ఆరోగ్య కేంద్రంలో నెత్తురు పరీక్ష చేయించుకోవాలి. మలేరియాకు మంచి మందులున్నాయి, కాని చెప్పినన్ని రోజులూ పూర్తిగా మింగాలి. డెంగ్యూ వైరస్‌ను చంపే ప్రత్యేకమైన మందు లేదు. విశ్రాంతి, తగినన్ని ద్రవాలు, వైద్యుని పర్యవేక్షణ ముఖ్యం. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు సొంతంగా వేసుకోకూడదు, వాటితో రక్తస్రావం ఎక్కువ కావచ్చు. జ్వరం తగ్గిన తర్వాత తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి నెత్తురు, మగతగా ఉండడం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. జ్వరం తగ్గింది కదా అని ఊరుకోవడమే డెంగ్యూలో పెద్ద ప్రమాదం.

ఆలోచించి జవాబు చెప్పండి

1. తొట్టిలో నీళ్ళు పారబోసి, కడగకుండా మళ్ళీ నింపితే ఏ జాతి దోమ పుట్టవచ్చు? ఎందుకు?

2. సోమవారం గుడ్లు పొదిగిన తొట్టిని శుక్రవారం కడిగారు. ఎన్ని దోమలు ఎగిరిపోయి ఉంటాయి?

3. రాస్ పట్టుకొచ్చిన పెద్దదోమలను కాక, లార్వాల నుంచి పెంచిన దోమలనే ఎందుకు వాడాడు?

4. 25 ఇళ్ళు చూస్తే 5 ఇళ్ళలో మొత్తం 8 పాత్రల్లో లార్వాలు దొరికాయి. ఇళ్ళ సూచిక ఎంత? బ్రెటో సూచిక ఎంత?

5. మీ ఇంట్లో వారం రోజులుగా ఎవరూ కదపని నీళ్ళు ఎక్కడెక్కడ ఉన్నాయి? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు పుస్తకంలో దొరకదు. టార్చిలైటు తీసుకుని ఇప్పుడే లేవండి!